మూడో మడి

నాలుగేళ్ళు క్యూలో నిలబెట్టి
ఫిబ్రవరిలో, నేల గడ్డకట్టిన వారంలో
కౌన్సిల్ వాళ్ళు ఒక తాళంచెవి చేతికిచ్చారు.
ప్లాట్ 31బి.
హడర్స్‌ఫీల్డ్ రైలుకట్ట పక్కన ఏటవాలుగా మూడు సెంట్లు.
సగం గరిక, సగం బంకమన్ను,
ఒక్క కీలు మీద వేలాడే తలుపుతో షెడ్డు.

ముప్పై ఒక్కేళ్ళు బస్సులకి టైమ్‌టేబుళ్ళు వేసినదాన్ని.
నేల తొక్కకముందే గళ్ళ కాగితం తీశాను.
ఆరు మళ్ళు. ఒక్కోటీ నాలుగడుగుల వెడల్పు,
రెండు పక్కల నుంచీ చెయ్యి అందాలి కదా.
నడుమ బాట, చక్రాల బండి తిరిగేంత.
బఠాణీ ఒకటో మడి, ఉల్లి రెండు,
క్యారెట్ మూడు. అది నీడ పడని చోటు.
ముల్లంగి ఇరవై ఎనిమిదో రోజుకి చేరుకోవాలి,
అది దిగిన సీట్లో బీన్స్ ఎక్కాలి.
రంగు పెన్సిళ్ళు కూడా వాడాను, ఒప్పుకుంటున్నాను.

పక్క ప్లాటు డెల్ఫీన్,
గ్రెనడా నుంచి అరవై రెండులో వచ్చినావిడ,
కంచె మీంచి కాగితం అందుకుని
అటు తిప్పి, ఇటు తిప్పి
"బాగుంది. నత్తలకి చదివి వినిపించు" అంది.

తవ్వాను.
గరిక కింద పాత తివాచీ, తివాచీ కింద మళ్ళీ గరిక.
ఒక వేరు పట్టి లాగితే
నాలుగడుగుల అవతల మట్టి కదిలేది.
ఒక చెంచా దొరికింది. చక్రాల్లేని బొమ్మ కారు.
నీలం పువ్వున్న పింగాణీ ముక్కలు,
ఏ వంటింట్లో ఎవరి కోపానికి పగిలినవో.
ఎర్రరొమ్ము పిట్టొకటి పార పిడి మీద కూచుని
మేస్త్రీలా నా పని చూసేది,
నేను వంగితే వానపాము దాని కూలి.
రాత్రిళ్ళు నడుం నాది కాదు.

మార్చి చివర, మూడో మడికి పురికొస కడుతుంటే
మట్టిలోంచి పచ్చటి మొనలు.
కలుపనుకుని ఒకటి గిల్లాను.
వేళ్ళకి వెల్లుల్లి వాసన.
లెక్కపెట్టాను: నాలుగు వరసలు, నలభై మూడు.

"క్లిఫర్డ్ పెట్టాడు" అంది డెల్ఫీన్.
"అక్టోబరులో. మోకాళ్ళ కింద గోనెసంచి వేసుకుని
ఒక్కో రెబ్బా.
నవంబరు దాటలేదు పాపం."

నారు పోసినవాడు నీరు పోయడా అంటారు.
పోయలేదు.
వాన పోసింది. మంచు కప్పి, కరిగి, తనూ కాస్త పోసింది.

ఆ మనిషిని నేనెరగను.
షెడ్డులో మేకుకి వేలాడుతూ ఒక జత గ్లవ్స్,
కుడి బొటనవేలు దగ్గర చిరుగు. అంతే పరిచయం.
క్యూలో ఒక మెట్టు ముందుకి జరగడమంటే ఏమిటో
నాలుగేళ్ళూ తట్టనిది
అప్పుడు, పురికొస చేతిలో ఉండగా తట్టింది.

రబ్బరుతో క్యారెట్‌ని చెరిపాను.
ఆరో మడికి తోశాను. అక్కడ బంకమట్టి.
కాళ్ళు మెలేసుకుని పుట్టాయవి, ఒకటైతే ప్యాంటు తొడగొచ్చు.
ముల్లంగి ఇరవై ఎనిమిదో రోజుకి రాలేదు,
ముప్పై అయిదో రోజుకీ రాలేదు,
నత్తలు దారిలోనే దించేసుకున్నాయి.
బఠాణీ మాత్రం నేను చెప్పనిది చేసి
షెడ్డు తలుపుకి రెండో కీలైంది.

జూలైలో వెల్లుల్లి ఆకులు పండి వాలాయి.
పలుగు పక్కగా దించి ఎత్తాను.
మట్టి దులిపితే లేత ఊదా చారలు.
సగం డెల్ఫీన్ గుమ్మానికి, సగం నా వంటింటికి.
పెద్దవి నాలుగు, వండడానికి చెయ్యి రాక,
కాగితపు సంచిలో దాచాను.

అక్టోబరులో విడదీసి నాటుతున్నాను
మొన పైకి, బొటనవేలు లోతున.
గళ్ళ కాగితం ఇంట్లో మర్చిపోయాను.
వరస వంకర పోయింది.
డెల్ఫీన్ చూసింది, ఏమీ అనలేదు,
కంచె మీంచి ఒక గోనెసంచి
నా మోకాళ్ళ దగ్గరికి విసిరింది.